ఆరు వందల జ్వరం

దగ్గుడు నాకు కొత్తగాదు.
కొత్తవాడల జంపఖానల మగ్గం మీద
నలభై ఏండ్లు నూలు దుమ్ము మింగినోణ్ణి.
అందుకేనేమో కాంపౌండర్ సారయ్య
నన్నే ఎతుక్కుంటొచ్చిండు:
"మిలిటరీ నర్సమ్మలకు ట్రైనింగట.
రోగి లెక్క పండాలె, రోజుకు ఆరు వందలు."

హన్మకొండల మూతబడ్డ హాస్టల్ మెస్సును
రెండు రోజులల్ల వార్డు చేసిండ్రు.
గోడ మీద ఇంకా ఉన్నది
"ఆదివారం గుడ్డు" అని.
నేల పొంటి ఎర్ర టేపు.
ఇటు మంచి, అటు చెడు.
నా మంచం చెడు దిక్కు.

రోగం పేరు చెప్పిండ్రుగని నాకు నోరు తిరగలే.
జ్వరం, వాంతి, చిగుర్ల నెత్తురు,
గివి యాదికుంటే చాలన్నరు.
నెత్తురుకు బీట్‌రూట్ రసం.
నా చేతులకు, అంగీకి ఏదో పొడి పూసిండ్రు,
కంటికి ఆనని పొడి.

తొడుక్కునుడు పావుగంట.
ఒకామె తొడుగుతుంటే ఇంకొకామె
కాయితం చూసి చదువుడు.
చేతులకు రెండు జతలు, మణికట్టు కాడ టేపు.
అంతా అయినంక మనుషులు మాయం,
పన్నెండు తెల్ల బస్తాలు మిగిలినయి.
అప్పుడు మార్కరు తీసి
ఒకరి ఛాతి మీద ఒకరు పేర్లు రాసుకున్నరు.
నా కాడికొచ్చిన బస్తా మీద: ఈసం నాగేశ్వరి.
"మాది ఏటూరునాగారం దిక్కు, తాతా"
అన్నది మాస్కు లోపల్నుంచి,
బాయిలకెల్లి మాట్లాడినట్టు.

నేనూ తక్కువ తినలే.
రసమంతా ఆమె మీదనే కక్కిన.
ఉలిక్కిపడి ఎనక్కి జరిగింది.
మేజర్ అచ్చమ్మ విజిలేసింది,
వచ్చీరాని తెలుగుల:
"వెనక్కి పోతే రోగి పడును. ముందుకు దూకితే నువ్వు పడును.
నిలువు. చూడు. చెయ్యి."

ఇప్పుడుకు అరగంట.
సావు కాసుక్కూసునేది ఇప్పుకాడనే అన్నది మేజరమ్మ.
నాకు తెలువదా?
నెల రోజులు నేసిన జంపఖానను
మగ్గం మీంచి కోసేకాడ తొందరపడితే
అంచు ఊడిపోతది.

లైట్లు బంద్ చేసి నీలి దీపం పట్టిండ్రు.
పొడి మెరిసింది.
బస్తాల మీద, బకెట్ల మీద, తలుపు గొళ్ళెం మీద.
నాగేశ్వరి చెవి కింద, బొటనవేలంత.
చెమట తుడుసుకున్నదట, ఎప్పుడో ఆమెకే తెల్వదు.
ఎవ్వరూ నవ్వలే.
"మళ్ల చేస్త మేడమ్."
పొద్దూకేదాంక ఐదుసార్లు చేసింది.
మే నెల. బూటు వంచితే చెమట నీళ్ళు కారినయి.

కరోనా ఏడు నేను
పెద్ద దవాఖాన వరండాల ఉన్న,
రెండు మంచాల నడుమ, చాప మీద.
నడిరాత్రి ఒక బస్తా వచ్చి
"బోర్ల పండు పెద్దయ్యా" అని
నన్ను తిప్పి, ఈపు మీద చెయ్యేసి
చానసేపు కూసున్నది.
దాని మీద పేరు లేదు.
ఇప్పటికీ బస్సుల అసొంటి గొంతినబడితే
తిరిగి చూస్త.

ఆ జ్వరానికి మగ్గమమ్మిన.
ఈ జ్వరానికి ఆరు వందలిచ్చిండ్రు.

పోయేముందు నా చేతుల మీద దీపం పట్టింది నాగేశ్వరి.
మూడుసార్లు కడిగినా
గోర్ల సందులల్ల, రంగు పట్టిన పగుళ్లల్ల
సన్నగ చుక్కలు.
చిన్నపోరనికి కడిగినట్టు మళ్ల కడిగింది.

"రేపు కూడ రా తాతా" అన్నది, నేలచూపులు చూసుకుంట.
"రేపు నువ్వు సచ్చిపోవాలె.
శవాన్ని సంచిల ఎట్ల కట్టాల్నో నేర్పుతరట."

వస్త బిడ్డా, గని ఒక్క మాట.
మీ ఛాతుల మీద రాసుకున్నట్టు
ఆ సంచి మీద గూడ రాయాలె.

మార్కరు మూత తీసింది.
రాయడానికి ఏమీ లేదు, సంచి రేపు గదా.
తన అరచేతిల పెట్టుకున్నది మొన.

"నీ పేరేంది తాతా?"

పొద్దటి సంది ఎవ్వరూ అడగలే.
నేను గూడ చెప్పలే.

ఆడెపు కొమురెల్లి, అన్న.
ఆమె రాసుకున్నది.
రెల్లికి వత్తు మరిచింది,
చెప్తే దిద్దుకున్నది.